ప్యాకప్ నుంచి వెనక్కి

ఫిల్మ్‌నగర్‌లో అన్నీ దొరుకుతాయి, సముద్రం తప్ప. కోర్టు హాలు కావాలంటే సెట్ వేస్తారు. రైల్వే ప్లాట్‌ఫాం కావాలంటే రాత్రికి రాత్రే బెంచీలూ బోర్డులూ దిగిపోతాయి. పరిశ్రమ మద్రాసులో ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదని పాతవాళ్లు చెప్పేవారు. కెమెరా ఎత్తుకుని బయల్దేరితే మెరీనా పక్కనే. హైదరాబాద్ వచ్చాక అక్కినేని అన్నపూర్ణ కట్టారు, కృష్ణ పద్మాలయా కట్టారు, రామానాయుడు ఇక్కడే గుట్ట మీద తన పేరుతో స్టూడియో కట్టారు. బండరాళ్లకు లోటు లేదు గానీ అలలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. అందుకే స్క్రిప్టులో ‘బీచ్, పగలు’ అని కనబడగానే ప్రొడక్షన్ మేనేజర్ ముందు వైజాగ్ టికెట్లు ఎన్నో లెక్కేస్తాడు. రామానాయుడు కూడా వైజాగ్‌లో భీమిలి రోడ్డు పక్కన, సముద్రం కనబడే కొండ మీద ఇంకో స్టూడియో కట్టించారు.

పదిహేనేళ్లు ఆ లెక్కలే వేశాను. అయినా సొంతవాళ్లని సముద్రానికి తీసుకెళ్లే రోజు వచ్చేసరికి అన్నీ మర్చిపోయాను.

అక్క, బావ, వాళ్ల పిల్లలిద్దరు, నేను. ఒక్క రోజు, అద్దె కారు, సూర్యలంక. తెల్లవారుజామున నాలుగింటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాం. ఆ వేళకి రోడ్డు ఖాళీ, మనసు నిండుగా ఉంది. మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా బాపట్ల. మూడొందల కిలోమీటర్లు పైచిలుకు. టీలకీ టిఫిన్‌కీ చిన్నవాడి వాంతులకీ ఆగుతూ ఆగుతూ వెళ్లేసరికి పదకొండుంపావు. ఇసుక కాలుతోంది. పిల్లలు చెప్పులు విప్పి నాలుగడుగులు వేసి వెనక్కి పరిగెత్తుకొచ్చారు. రెండింటికి బయల్దేరకపోతే రాత్రవుతుందని నేనే తొందరపెట్టాను. నార్కట్‌పల్లి దాటాక బావ తల స్టీరింగ్ మీదకి వాలింది. అక్క కేక పెట్టింది. పక్కకి ఆపి, ముఖం కడుక్కుని, నేను తీసుకున్నాను. ఇంటికి చేరేసరికి రాత్రి పది.

పడుకునే ముందు కూడితే తేలింది: కారులో పదిహేను గంటలు, సముద్రం దగ్గర రెండుముప్పావు.

రోడ్డుని గానీ బాపట్లని గానీ అనడానికి లేదు. ఆ రోజు కాల్‌షీట్ రాసింది నేనే, రాసింది కూడా తలకిందులుగా. ‘నాలుగింటికి బయల్దేరితే పదికల్లా...’ అని మొదలుపెట్టాను. ముందు నుంచి రాసే ప్లాను ఇలాగే ఉంటుంది. ప్రతి మజిలీలోనూ ‘అయిపోతుందిలే’ అనే మాట ఒకటి దూరుతుంది, అవన్నీ పోగై సాయంత్రం నెత్తిన పడతాయి. అవుట్‌డోర్‌లో ఇలా రాసేవాణ్ణి మొదటి రోజే ఇంటికి పంపేస్తారు. అక్కడ మొట్టమొదట అడిగేది ‘లైట్ ఎన్నింటికి పోతుంది?’ అని. అది పోయే వేళ రాసుకుని, ప్యాకప్ గీత గీసి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ పొద్దున్నకి చేరతారు. బయల్దేరే టైము మనం పెట్టేది కాదు, లెక్క చివర్న దానంతటదే తేలుతుంది.

మీరూ సముద్రానికి ఒక్క రోజు ట్రిప్ వేసుకుంటుంటే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, మీ కోసం సర్దుకోనివాళ్ల పేర్లు రాయండి. సినిమాలో అయితే పెద్ద హీరో డేట్లు ముందు రాసుకుని, మిగతా ఆర్టిస్టుల కాంబినేషన్లు వాటి చుట్టూ అల్లుతాం. ఇక్కడ డేట్లు అడిగినా ఇవ్వని హీరో సూర్యుడు. అతని విషయంలో హైదరాబాద్‌వాళ్లం రెండు తప్పులు చేస్తాం.

మొదటిది, మన ఊరి పొద్దుని అక్కడికి మోసుకెళ్లడం. దేశం గడియారాలన్నీ నడిచే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. వైజాగ్ దానికి కాస్త తూర్పున, మనం బాగా పడమర. చేతి గడియారం ఒకటే అయినా వైజాగ్‌లో సూర్యుడు మనకంటే దాదాపు ఇరవై నిమిషాలు ముందు దిగిపోతాడు. సంక్రాంతి రోజుల్లో అక్కడ సాయంత్రం 5.40కే అస్తమయం. కేబీఆర్ పార్కులో నడిచి వచ్చే వేళని మనసులో పెట్టుకుంటే ఆ ఇరవై నిమిషాలు అక్కడ చేజారతాయి.

రెండోది, హిందీ పాటలు చూసి నేర్చుకున్నది: సముద్రంలో మునిగే సూర్యుడు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి, కొండల వెనక దిగుతాడు. సాయంత్రం ఆ మునక కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లని రుషికొండలో చూశాను. పాపం, వీపు వెనక ఎప్పుడో అయిపోయింది.

రెండో మొండివాడు ఆటుపోటు. రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు. ఒక్కో పోటుకీ దాని తర్వాతి ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ పదింటికి నీళ్లు తగ్గితే రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా తగ్గుతాయి. మంగమారిపేట దగ్గర రాతి తోరణం కిందికి వెళ్లాలంటే ఆటు వేళే చూసుకోవాలి. ఈ వేళలూ, అలలు పెద్దవిగా వస్తాయనే హెచ్చరికలూ చెప్పే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ ఎక్కడుందో తెలుసా? మన ప్రగతినగర్‌లో. దేశపు సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే. సముద్రం లేని ఊరు దేశం మొత్తానికి సముద్రం కబురు చెబుతోంది, మనం మాత్రం ఆ కబురు చూసుకోకుండా బయల్దేరతాం. బయల్దేరే ముందు రాత్రి ఆ హెచ్చరికలు ఒకసారి చూడండి, రెండు నిమిషాల పని. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే వాయుగుండాల కబుర్లు కూడా. హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టింది 2014 అక్టోబరు 12న.

ఇక రైలు. సూర్యలంక నేర్పిన పాఠం అదే: సముద్రం దాకా కారులో పోకండి, సముద్రం పక్కన కారు తీసుకోండి. సాయంత్రం గోదావరి ఎక్కితే రాత్రంతా నిద్రపోయి తెల్లారేసరికి వైజాగ్. మర్నాడు రాత్రి ఇంకో రైల్లో వెనక్కి. మధ్యలో ఉన్న పగలంతా మీదే. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ముప్పై కిలోమీటర్లు మించదు, దారి పొడుగునా సముద్రం పక్కనే. ‘అంతేనా!’ అన్నాడు బావ. అంతే. రోజంతా తిరిగినా వంద కిలోమీటర్లు దాటవు, డ్రైవింగ్ చేసే మనిషి కూడా ట్రిప్‌లో ఉన్నట్టు ఉంటుంది.

కారు బుక్ చేసేటప్పుడు ధర కంటే ముందు నంబర్ ప్లేట్ అడగండి. మనమే నడుపుకోవడానికి అద్దెకిచ్చే కారుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ స్కీమ్ కింద లైసెన్సు తీసుకున్నవాళ్లే అలా ఇవ్వాలి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవరుతో వచ్చే ట్యాక్సీ. తెల్ల ప్లేటు సొంత కారు. ‘మా బంధువుల బండి సార్, సగం ధరకే’ అని తెల్ల ప్లేటు అంటగట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, ఆ బంధువులు ఫోనెత్తరు. హైదరాబాద్‌లోనే కారు తీసుకుని రాష్ట్రం దాటాలనుకునేవాళ్లు పక్క రాష్ట్రంలో తిరిగే పర్మిట్ ఉందా అని కూడా అడగాలి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, ఫాస్టాగ్‌లో డబ్బు ఎవరిది, ఢీకొంటే మన జేబులోంచి పోయేది ఎంతవరకు, డిపాజిట్ ఎన్ని రోజులకి వెనక్కొస్తుంది: ఈ అయిదూ ఫోన్లో వినకండి, మెసేజ్‌లో రాయించుకోండి.

నేను రాయించుకోని రోజు ఒకటుంది. ఒక కుర్రాడు కారు తెచ్చి, తాళం చేతిలో పెట్టి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వెనక్కిచ్చేటప్పుడు ఇంకో కుర్రాడు వచ్చి, ఎడమ ముందు చక్రం దగ్గర వంగి, రిమ్ మీద అర్ధచంద్రంలా ఉన్న గీత మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. వేలు తీస్తే గీత అలాగే ఉంది, లోపల తుప్పు రంగు కూడా ఉంది. తుప్పు పట్టడానికి ఒక పగలు చాలదని నేనన్నాను. ‘ఫొటో ఉందా సార్?’ అన్నాడు. లేదు. డిపాజిట్‌లోంచి కోసేశారు.

అందుకే మళ్లీ అందరం కలిసి వైజాగ్ వెళ్లి కారు తీసుకున్న రోజు కంటిన్యుటీ అసిస్టెంట్‌ని అయిపోయాను. షూటింగ్‌లో హీరో చొక్కా గుండీ ఎన్నోది తెరిచి ఉందో ఫొటో తీసుకునే పనే ఇదీ. ముందు బంపర్‌తో మొదలుపెట్టి ఎడమవైపుగా కారు చుట్టూ ఒకే వీడియో, ఆపకుండా. నాలుగు చక్రాలు, అద్దాలు, పైకప్పు, డిక్కీలో స్టెప్నీ, జాకీ. ఇగ్నిషన్ వేసి డాష్‌బోర్డు: ఇంధనం గీత, కిలోమీటర్లు, వెలుగుతున్న హెచ్చరిక దీపాలు. కుర్రాడు విసుక్కుంటాడేమో అనుకున్నాను. అతనే వెనక తలుపు దగ్గరికి పిలిచి, ‘ఇక్కడో సొట్ట ఉందండి, ఇది కూడా తీసుకోండి, రేపు నన్నడుగుతారు’ అన్నాడు. అయిదు నిమిషాలు పట్టింది.

ఇప్పుడు అసలు లెక్క. జనవరి నెల, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో రైలు అనుకుందాం. పిల్లలతో, సామానుతో ఏడూముప్పావుకి స్టేషన్లో ఉండాలి. అంటే ఏడింటికి, స్టేషన్ దగ్గరే, కారు అప్పగించాలి. ఎక్కడ ఇస్తారు అనేది పొద్దున్నే మాట్లాడుకోకపోతే ఊరవతల గ్యారేజీకి రమ్మంటారు. ఆరూ నలభైకి పెట్రోలు బంకు. ఊళ్లో సాయంత్రపు ట్రాఫిక్కు పోనిస్తే ఆరింటికి తెన్నేటి పార్కు దగ్గర లేవాలి. పార్కుకి అయిదింటికి. ఈ గంట చూడటానికి పెట్టినట్టుంటుంది గానీ నిజానికి నేను దాచుకున్న గంట. పైన ఎక్కడ ఆలస్యమైనా ఇందులోంచే తీసుకుంటాను. చివరి మజిలీగా పోగొట్టుకున్నా ఏడవని చోటుని పెట్టుకోవాలి. పిల్లలు వారం నుంచి కలవరిస్తున్న చోటుని చివర పెట్టారో, ఆ రోజు ఇంట్లో మీ మొహం ఎవరూ చూడరు.

ఇంకా వెనక్కి వస్తే రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భోజనం, భీమిలి. చివరికి పొద్దున్న ఎనిమిదిన్నర దగ్గర తేలాను. కారు అద్దె అప్పటి నుంచే. సూర్యోదయానికి కారు అక్కర్లేదు. తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం ఆర్కే బీచ్ రోడ్డులో బళ్లని ఎలాగూ ఆపేస్తారు. స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, ఆరున్నరకి సముద్రంలోంచి వచ్చేవాణ్ణి చూసి, స్నానాలూ టిఫిన్లూ కానిచ్చి, అప్పుడు కారు.

తీసుకున్నాక ఎక్కడా ఆగకుండా నేరుగా భీమిలి. ఇది చాలామందికి నచ్చదు. దారిలో కనబడిన ప్రతి బీచ్ దగ్గరా ఆగుతూ పోవాలనిపిస్తుంది. కానీ మనం ఎడమవైపు నడిపే దేశంలో ఉన్నాం. వైజాగ్ నుంచి భీమిలికి వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది. అటు ఆగాలంటే ఎదురొచ్చే బళ్లని దాటాలి, పిల్లల్ని రోడ్డు దాటించాలి. పైగా కుడిపక్క కూర్చున్న డ్రైవరు కళ్లు ఎంతకీ రోడ్డు మీద నిలవవు. తిరిగొచ్చేటప్పుడు సముద్రం ఎడమవైపుకి వస్తుంది. ఎక్కడ మనసైతే అక్కడ పక్కకి తీసి ఆపుకోవచ్చు. మధ్యాహ్నం దాటాక సూర్యుడు కొండలవైపు వాలి వెలుగు సముద్రం మీద నేరుగా పడుతుంది, ఫొటోల్లో మొహాలు నల్లబడవు. రెక్కీకి వెళ్లిన ఏ కెమెరామన్‌ని అడిగినా ఇదే చెబుతాడు. ఒకటే చిక్కు: సాయంత్రం నైరుతి దిక్కుగా నడపాలి, ఎండ కళ్లలో కొడుతుంది. నల్ల కళ్లద్దాలు డ్రైవరు దగ్గరే ఉండాలి, డిక్కీ బ్యాగులో కాదు.

భీమిలికి తొమ్మిదిన్నరకల్లా చేరాం. గోస్తని సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు. అక్కకి మాత్రం ఇవేవీ పట్టలేదు. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ తీసింది ఈ తీరంలోనే అని చెప్పానో లేదో, ఎక్కడ, ఏ రాయి దగ్గర అని ఒడ్డంతా వెతికింది. చూపించలేకపోయాను. ఆ వెతుకులాటకి గంట పోయింది, అది లెక్కలో లేని గంట. దాచుకున్నదాంట్లోంచి తీసిచ్చాను.

నీళ్లలో దిగే విషయంలో మాత్రం బేరం లేదు. ఒడ్డున అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్లు ప్రశాంతంగా కనబడితే, అక్కడ దిగితే మంచిదనిపిస్తుంది. ఒడ్డుకి చేరిన నీళ్లు వెనక్కి పరిగెత్తే దారి తరచుగా అదే. అందులో పడినవాడు ఒడ్డు వైపు ఈదితే అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయలోంచి బయటపడ్డాక ఒడ్డుకి రావాలి. ఆర్కే బీచ్‌లో స్నానాలు వద్దు. రుషికొండలో లైఫ్‌గార్డులు చూపించిన హద్దులో, మోకాళ్ల దాకా, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని.

అద్దె కారు తీసుకున్నవాళ్లు ఇంకో మనిషిని కూడా నియమించుకోవాలి: తాళం మనిషి. ఆ రోజు అతను తడవడు. రిమోట్ తాళం ప్యాంటు జేబులో పెట్టుకుని ఒక్క అలలో మునిగితే చాలు, కారు తెరుచుకోదు. రెండో తాళం ఏ గ్యారేజీలోనో ఉంటుంది. మా ట్రిప్‌లో ఆ పదవి బావకి దక్కింది. పెద్దగా బాధపడలేదు, ఇసుక మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. కారుని ఇసుకలోకి దింపకూడదని ఒప్పందంలోనే రాసుంటుంది, రాయకపోయినా దింపకండి. చక్రం ఒక్కసారి కూరుకుంటే ట్రాక్టరు వెతకాలి.

భోజనంలో చేప కోసం వచ్చేవాళ్లకి ఒక మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. పిల్లల వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే. పళ్లెంలో చేప ఉంటుంది, ఏ ఊరి నుంచి వచ్చిందో అడగకండి.

మధ్యాహ్నం ఎర్రమట్టి దిబ్బలు. ఇనుము ఆక్సైడ్‌తో ఎర్రబడ్డ, వేల ఏళ్ల నాటి ఇసుక. వాన నీళ్లు కోసిన లోయలు, మధ్యలో నడవడానికి దారులు. వాటి మీద నుంచి జారకండి, అవి ఇసుకే. తర్వాత తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఇక్కడే విహారం కట్టుకున్నారు. పైనుంచి సముద్రం చూశాక, లొకేషన్ ఎంచుకోవడం వాళ్ల దగ్గర నేర్చుకోవాలనిపించింది.

కురుసుర జలాంతర్గామి మ్యూజియం కూడా మొదట కాగితం మీద ఉంది. పెద్దవాడు దాని కోసమే వచ్చానన్నాడు. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. దాన్ని పెడితే తొట్లకొండ పోవాలి, లేకపోతే రుషికొండ. ఎడిటింగ్ టేబుల్ మీద ఏడ్చే సీన్ ఒకటి ఉంటుంది ప్రతి సినిమాకీ. వాడికి ముందురోజే చెప్పేశాను. స్టేషన్‌కి వెళ్లే దారిలో చెప్పుంటే గొడవ గ్యారంటీ.

అయిదింటికి తెన్నేటి పార్కు చేరాల్సింది, అయిదూ యాభై అయింది. భీమిలిలో ఇచ్చిన గంట. పది నిమిషాలు కూర్చుని లేచాం. బంకులో పెట్రోలు కొట్టిస్తుంటే అక్క మ్యాట్లు తీసి దులిపింది, సీట్ల కింద ఇసుకని చేత్తో తోడి పోసింది. పొద్దున్న వచ్చిన కుర్రాడే స్టేషన్ దగ్గర నిలబడి ఉన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు సొట్ట దగ్గర ఆగి, నా వైపు చూసి నవ్వాడు. ఏడుకి ఇంకా అయిదు నిమిషాలుంది.

‘టీ తాగుదామా?’ అన్నాడు బావ, తాళం ఇచ్చేస్తూ.